పుట్టినప్పటి నుంచీ ఇంతేనా, ఈమధ్యనా?

నేను డాక్టర్ని కాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఉద్యోగం చేసినన్నాళ్లూ పల్లెల్లో నన్ను డాక్టరమ్మ అనే పిలిచారు. కాదని చెప్పి చెప్పి విసుగొచ్చి ఊరుకున్నాను. చాటున మాత్రం ‘పిచ్చి మేడమ్’ అనేవాళ్లు. అదీ నాకు తెలుసు. గుంటూరులో ఒక ఆస్పత్రిలో, మానసిక వైద్య విభాగంలో సోషల్ వర్కర్‌గా పనిచేసి నిరుడు రిటైరయ్యాను. నా పేరు విజయ.

ఈమధ్య మా విభాగంలో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు ఇంటికొచ్చి, “మేడమ్, ఫీల్డుకి వెళ్లేముందు మేం ఏం తెలుసుకోవాలి?” అని అడిగారు. టీ చల్లారేలోపు చెప్పగలిగే సంగతి కాదది. అందుకే రాస్తున్నాను. ఎప్పుడు చేరాను, ఏ హోదాలో దిగాను అన్నవి వదిలేస్తున్నాను. అవి సర్వీసు రిజిస్టర్‌లో ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి.

నా ఉద్యోగంలో చివరి పన్నెండేళ్లూ ఒకే పని మీద గడిచాయి. మనిషికి లేని గొంతులు వినబడటం, లేని శత్రువులు వెంటపడుతున్నారని నమ్మటం, తన ఆలోచన తన చేతుల్లోంచి జారిపోవటం. దీన్ని మా వృత్తిలో సైకోసిస్ అంటాం. ఊళ్లో ఒకే మాటతో పిచ్చి అనేస్తారు. అది ఒక్క రోజులో రాదు. కొన్ని నెలల ముందు నుంచి, ఒక్కోసారి ఏళ్ల ముందు నుంచి, చిన్న చిన్న గుర్తులు చూపిస్తూ వస్తుంది. ఆ గుర్తులను ముందే పట్టుకుంటే వైద్యం తేలిక, పిల్లల చదువులూ పనులూ పాడవకుండా కాపాడుకోవచ్చు. అందుకని పదహారు నుంచి పాతికేళ్ల లోపు పిల్లలను వాళ్ల ఇళ్లలోనే కలిసి, స్వభావం ఎలాంటిదో, అందులో జబ్బుకు దారితీసే గుర్తులున్నాయో లేవో అడిగి రాసుకుని, ఏడాదికోసారి మళ్లీ వెళ్లి చూడాలి. అదీ పని. వినడానికి తేలికే.

ప్రశ్నలకు తెలుగు రాదు

మాకు ఇచ్చిన ప్రశ్నల పుస్తకాన్ని ఎక్కడో పెద్ద ఊళ్లో కూర్చుని ఎవరో తెలుగులోకి దించారు. ‘మీ ఆలోచనలు ఇతరులకు ప్రసారమగుచున్నట్లు మీకు అనిపించునా?’ అన్నది అందులో ఒకటి. చిలకలూరిపేటలో పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసే కుర్రాణ్ని ఈ ప్రశ్న అడిగాను. ఒళ్లంతా అంటుకున్న దూది దులుపుకుంటూ ఆలోచించి, “మా ఇంట్లో కేబుల్ తీసేశారండి” అన్నాడు.

‘మీరు ఒంటరిగా ఉండుటకు ఇష్టపడుదురా?’ అని తొమ్మిది మంది ఉన్న ఇంటి కోడల్ని అడిగితే, “దొరికితే కదమ్మా!” అంది.

‘చనిపోయినవారి మాటలు మీకు వినిపించునా?’ అని పత్తి తీస్తున్న ఒకమ్మాయిని అడిగాను. ఆమె పని ఆపకుండానే, “మా అత్త పోయి ఏడాదైందండి. ఇప్పటికీ నేను సాలులో నడుస్తుంటే ‘ఆ కాయ వదిలేశావేమే’ అంటానే ఉంటుంది. బతికున్నప్పుడూ అంతే” అంది. ఫారం ప్రకారం ఆ జవాబుకు ఎక్కువ మార్కులు పడాలి, ఆ పిల్ల పేరు ప్రమాదం ఉన్నవాళ్ల జాబితాలోకి ఎక్కాలి.

ఈ మూడు జవాబులూ పట్టుకెళ్లి మా ప్రొఫెసర్ సదాశివరావు గారికి చదివి వినిపించాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. సిగరెట్లు మానేసినప్పటి నుంచి ఆయన నోట్లో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఆ నవ్వుకి అది కాస్తా కింద పడింది. తర్వాత తలుపు వేసి కూర్చోబెట్టి, “విజయా, ఇంటికెళ్లి ఒక్కో ప్రశ్నా మీ వాళ్లని అడుగు. వాళ్లు నవ్వితే ప్రశ్న మార్చు. వాళ్లకి కోపం వచ్చినా మార్చు” అన్నారు. అలా మా ఆయనా, మా అత్తగారూ, పక్కింటి టైలరూ కలిసి మా ప్రశ్నల పుస్తకాన్ని మనుషుల భాషలోకి తెచ్చారు. ఈ ఉపకారానికి వాళ్ల పేర్లు ఏ రిపోర్టులోనూ లేవు.

మీకిచ్చే ఫారంలోని భాష మీ నోటికి తిరగకపోతే, ఎదుటివాడి మనసుకు అసలే తగలదు. సిగ్గుపడకుండా మార్చమని అడగండి.

కోటయ్య

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు చెబుతాను. ఇది చెప్పకుండా మిగతావి చెప్పే హక్కు నాకు లేదు.

వినుకొండకు కొంత దూరంలో ఒక ఊళ్లో కోటయ్య అనే అబ్బాయి ఉండేవాడు. ఇరవై ఒక్క ఏళ్లు. మిర్చి రైతు కొడుకు. తండ్రి పోయాడు, తల్లి అంజమ్మ సేద్యం చూసుకునేది. కోటయ్య మాట్లాడేటప్పుడు మన మొహంలోకి చూడడు, మన చెవి పక్కనున్న గోడను చూస్తాడు. పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ వెళ్లడు. ఒకే రంగు చొక్కాలు నాలుగు కుట్టించుకుని అవే వేసుకుంటాడు. రోజూ ఆకాశం ఎలా ఉందో నోటుపుస్తకంలో రాసిపెడతాడు. అలాంటి పుస్తకాలు ఒక ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. “ఎండిన కాయ వాసన పట్టి రేపేం జరుగుతుందో నాకు తెలుస్తుందండి” అని గోడతో చెప్పాడు.

నేను ఒక్కో ప్రశ్నా అడుగుతూ మార్కులు వేస్తున్నాను. అంతకు ముందు ఎవరికీ రానన్ని వచ్చాయి. నిజం చెప్పొద్దూ, నాకు సంతోషం వేసింది. గేలం వేసుకుని కూర్చున్నవాడికి తాడు బరువెక్కితే వచ్చే సంతోషం లాంటిది. ఇన్ని ఊళ్లు తిరిగినందుకు ఒకడు దొరికాడనుకున్నాను. ఆ సంతోషం మీకూ వస్తుంది. అది వచ్చిన క్షణాన నోరు మూసుకోండి.

నేను మూసుకోలేదు. అరుగు మీద కూర్చుని అంజమ్మతో, “మీ అబ్బాయికి ముందు ముందు మనసుకు జబ్బు వచ్చే సూచనలు కనిపిస్తున్నాయమ్మా. ఒకసారి గుంటూరు తీసుకొచ్చి పెద్ద డాక్టర్ గారికి చూపించండి” అని చెప్పేశాను. జల్లెడ కోసం వచ్చిన పక్కింటావిడ అక్కడే నిలబడి ఉంది. ఆవిడ ఉందని నేను చూశాను. ఉంటే ఏమవుతుందో ఆలోచించలేదు.

పది రోజుల తర్వాత అంజమ్మ గుంటూరు వచ్చింది. కొడుకును తీసుకురాలేదు. ఓపీలో జనం నిండుగా ఉన్నారు. గుమ్మంలో నిలబడి గట్టిగా అడిగింది: “మావాణ్ణి పిచ్చోడన్న మేడమ్ ఎవరు ఇక్కడ?”

నేను లేచి నిలబడ్డాను.

“పిల్ల తరపోళ్లు తాంబూలాలు పుచ్చుకోటానికి రాబోయేవాళ్లు. కబురు పంపారు, రామని. ఊరంతా పాకిపోయింది నీ మాట. ఏం కనిపెట్టావమ్మా నువ్వు? మావాడు మాట నేర్చిందే ఆలస్యం. బళ్లో ఎవరితో కలిసేవాడు కాదు. కొత్తాళ్లొస్తే గాదె ఎనకాల దూరేవాడు. పుట్టిన కాడి నుంచీ ఇంతే. ఇరవై ఏళ్లు పెంచిన దాన్ని నేను. నువ్వు అరగంట కూచుని కొత్తగా ఏం చూశావో చెప్పు!”

ఆమె వెళ్లిపోయింది. సదాశివరావు గారు తన గదిలోంచి అంతా విన్నారు. కోటయ్య ఫారం తెప్పించుకుని చివరిదాకా చదివారు. ప్రతి జవాబు పక్కనా ‘ఎప్పటి నుంచి?’ అని ఒక చిన్న గడి ఉంటుంది. నేను ఆ గడులన్నీ ఖాళీగా వదిలేశాను. ఆయన వేలితో వాటిని ఒక్కొక్కటే చూపించారు, తిట్టలేదు. చివరికి, “రేపు వినుకొండకి పొద్దున బస్సు ఎన్నింటికి?” అని మాత్రం అడిగారు.

అంజమ్మ కల్లంలో

మేం వెళ్లేసరికి అంజమ్మ ఇంట్లో లేదు. ఊరి బయట కల్లంలో కాయలు ఎండబోశారని చెప్పారు. ఎర్రగా పరిచిన మిర్చి మధ్యలో ముక్కుకు గుడ్డ కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. సదాశివరావు గారికి ఆ ఘాటుకి తుమ్ములు మొదలయ్యాయి. తుమ్ముకీ తుమ్ముకీ మధ్య మాట్లాడారు.

“అమ్మా, నేను ఈ అమ్మాయి పైవాణ్ణి. తప్పు జరిగింది. ఈ అమ్మాయి తొందరపడింది. ఆ తొందర నేర్పింది మేమే. క్షమించమని అడగడానికి వచ్చాను.”

అంజమ్మ లేవలేదు. “నాకు చెబితే ఏం లాభమయ్యా? మావాడి సంగతి నాకు తెలవదా? ఆ పిల్ల తరపోళ్లకి చెప్పు పోయి.”

“అలాగేనమ్మా. ఊరి పేరు చెప్పు, వెళ్తాం.”

ఆమె అప్పుడు తలెత్తి చూసింది. ఇంత పెద్ద డాక్టరు వెళ్తానంటాడని ఆమె అనుకోలేదు. మేం ఆటో మాట్లాడుకుని ఆ ఊరు వెళ్లాం. అమ్మాయి తండ్రికి ఆయన అంతా విడమరచి చెప్పారు. అబ్బాయిది జబ్బు కాదు, స్వభావం అన్నారు. ఇలాంటివాళ్లు వేలమంది హాయిగా కాపురాలు చేసుకుంటున్నారన్నారు. ఆ పెద్దమనిషి మర్యాదగా విన్నాడు, మజ్జిగ ఇప్పించాడు. “మీరన్నది నిజమే అయ్యుండొచ్చండి. మేం వేరే సంబంధం అనుకున్నాం” అన్నాడు. అంతే. నోరు జారిన మాటను ఎంత పెద్ద డాక్టరూ వెనక్కి తీసుకోలేడు.

తిరిగొచ్చేటప్పుడు కోటయ్య బస్సు స్టాపులో కలిశాడు. నేను క్షమించమని అడిగాను. అతను స్టాపు కమ్మీని చూస్తూ, “మీరు కాగితంలో రాసినవన్నీ నిజమేనండి. నేను అట్లాగే ఉంటాను. మరి తప్పెక్కడ జరిగింది?” అని అడిగాడు. వెటకారం కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

“నీలో లేదు కోటయ్యా. నేను దానికి పెట్టిన పేరులో ఉంది” అన్నాను. అతను తల ఊపాడు. నా జవాబు సరిపోయిందో లేదో నాకు తెలీదు.

కోటయ్య తర్వాత గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనికి కుదిరాడు. ఆ చలీ, ఆ నిశ్శబ్దమూ అతనికి బాగా పడ్డాయి. ఏ రైతు టిక్కీ బస్తాలు ఏ అంతస్తులో ఏ వరసలో ఉన్నాయో పుస్తకం చూడకుండా చెబుతాడని అక్కడి గుమస్తా నాతో గొప్పగా చెప్పాడు. నేను చూసినన్నాళ్లూ అతనికి ఏ జబ్బూ రాలేదు. మూడేళ్లకు పెళ్లయింది. అంజమ్మ సదాశివరావు గారికి శుభలేఖ పంపింది, నాకు పంపలేదు. అందులో ఆవిడ తప్పేమీ లేదు.

అంజమ్మ దగ్గరే నేను ఈ వృత్తిలో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం నేర్చుకున్నాను. ఒక మనిషి వింతగా ఉన్నాడా అని కాదు అడగాల్సింది, తన తీరు నుంచి తాను మారాడా అని అడగాలి. పుట్టినప్పటి నుంచీ ఇంతేనా, ఈమధ్యనా? గడప దాటగానే ఇది అడగండి.

రేష్మ

పాఠం నేర్చుకున్నాను కాబట్టి ఇక తప్పులు చేయలేదు అని రాస్తే బాగుంటుంది. కానీ మనిషి ఒక గోతిలోంచి లేచి, పక్క గోతిలో పడతాడు.

చిలకలూరిపేటలో మస్తాన్ గారని పరుపులు కుట్టే ఆయన ఉండేవారు. వాళ్ల తాత ముత్తాతలు విల్లు పట్టి దూది ఏకినవాళ్లు. ఇప్పుడు యంత్రం పెట్టుకున్నా, పట్టుబట్టి అడిగినవాళ్లకి చేత్తోనే కుట్టి ఇచ్చేవారు. ఆయన కూతురు రేష్మ డిగ్రీ రెండో ఏడు. అంత నవ్వే పిల్లని నేను చూడలేదు. నా నడకనీ, నేను పెన్ను కోసం సంచీ వెతుక్కోవడాన్నీ నా ఎదురుగానే అనుకరించి చూపించేది. మొదటి ఏడు ఆమె ఫారంలో దాదాపు మార్కులే పడలేదు. ఆ ఇంటికి వెళ్లడమంటే నాకు ఇష్టం. పని అయిపోయినా కూర్చునేదాన్ని.

రెండో ఏడు వెళ్లినప్పుడు రేష్మ చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నవ్వింది కానీ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. మాటల్లో, “మేడమ్, హైవే మీద లారీ హారన్లు నన్నే పిలుస్తున్నట్టు ఉంటుంది” అంది. నేను ఎప్పటిలా హాస్యమనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు.

వచ్చేస్తుంటే మస్తాన్ గారు మిషన్ ఆపి గుమ్మం దాకా వచ్చారు. “అమ్మా, పిల్ల గొంతు మారిందండి” అన్నారు.

“జలుబు చేసిందా?”

“జలుబు కాదండి. ముప్పై ఏళ్లుగా దూది ఏకుతున్నాను. పైకి ఒకేలా ఉన్నా లోపల గింజ ముక్క ఉంటే చేతికి తెలుస్తుంది. అట్లా తెలుస్తుందండి. కాలేజీకి పోతున్నానని బయల్దేరి మధ్యలోనే తిరిగొస్తంది. తన కంచం తనే కడుక్కుంటంది, వాళ్లమ్మ పెట్టింది తినదు. ఫోను బీరువాలో పెట్టేసింది.”

ఇంతకంటే స్పష్టంగా ఏ పుస్తకమూ చెప్పదు. ఈమధ్యనే వచ్చిన మార్పు. చదువు దెబ్బతింటోంది. ఇంట్లోవాళ్ల మీదే అనుమానం. నాకు అర్థమైంది. కానీ నోరు రాలేదు. అంజమ్మ గుమ్మంలో నిలబడి నన్ను అడుగుతున్నట్టే అనిపించింది. ఈ పిల్లకి పేరు పడితే? నేను పొరపాటు పడితే? “పరీక్షల భయమేమోనండి. మూడు వారాల్లో మళ్లీ వస్తాను” అని చెప్పి బస్సెక్కేశాను. ఆ రోజు నింపిన కాగితాన్ని ప్రొఫెసర్ గారికి కూడా చూపించలేదు. జాగ్రత్త పడుతున్నాననుకున్నాను. అది జాగ్రత్త కాదు, పిరికితనం.

రెండు వారాలు తిరక్కుండానే ఒక మిట్టమధ్యాహ్నం నేను చిలకలూరిపేట పక్క ఊళ్లో ఉండగా మస్తాన్ గారు ఫోన్ చేశారు. రేష్మ చెప్పులు లేకుండా ఇంట్లోంచి వెళ్లిపోయింది. పిలిచిన హారన్ల వైపు హైవే మీద నడుచుకుంటూ పోయింది. ఒక లారీ డ్రైవరు చూసి, బండి పక్కకు ఆపి, వెనకాల వచ్చే బళ్లను చేతులూపి ఆపి, ఆమెని దగ్గర్లోని జిన్నింగు మిల్లు ఆవరణలోకి నడిపించుకెళ్లాడు. నేను వెళ్లేసరికి, తండ్రిని కూడా దగ్గరికి రానివ్వకుండా, కొండలా పోసిన పత్తి పక్కన ఎండలో కూర్చుని ఉంది. అరికాళ్లు బొబ్బలెక్కాయి. ఆ డ్రైవరు వాటర్ బాటిల్ పట్టుకుని కాస్త దూరంలో, ఆమె భయపడకుండా, గొంతుక్కూర్చుని ఉన్నాడు. నా మొహం చూడగానే రేష్మ, “మీరు కూడా వాళ్ల మనిషేనా?” అని అడిగింది.

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ వినబడుతుంది. మా ఫారంలో దానికి ఎన్ని మార్కులు వేస్తారో నాకు తెలీదు.

మస్తాన్ గారే ఆమెని ఆస్పత్రికి తీసుకొచ్చారు. ఆ సాయంత్రం నేను సదాశివరావు గారి గదికి వెళ్లి, దాచుకున్న కాగితం బయటపెట్టి, జరిగిందంతా చెప్పాను. ఆయన కాగితం తీసుకుని మీద వేసిన తేదీ చూశారు.

“మొదటిసారి అందరి ముందూ మాట్లాడావు. రెండోసారి ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యలో ఒక దారి ఉంది కదమ్మా, నా గదికి వచ్చే దారి!” అన్నారు. తర్వాత కాస్త మెత్తబడి, “మీరు నా దగ్గరికి రావడానికి భయపడుతున్నారంటే నేను కూడా ఆలోచించుకోవాలి” అన్నారు. మర్నాటి నుంచి ఆయన ఒక పద్ధతి పెట్టారు. ఫీల్డు నుంచి వచ్చిన ప్రతివాళ్లూ, ఎంత చిన్న అనుమానమైనా, పొద్దున్నే ఆయన ముందు కూర్చుని చెప్పాలి. చెప్పినందుకు ఎవరికీ మాట పడదు. ఆయన తర్వాత వచ్చిన అధికారి ఆ సమావేశం తీసేసి దాని స్థానంలో ఒక రిపోర్టు పెట్టాడు. రిపోర్టు రాయగలం, రిపోర్టుకి భయం చెప్పుకోలేం. మీ పైవాళ్లలో భయం చెప్పుకోగలిగిన మనిషి ఎవరో చేరిన నెలలోనే వెతుక్కోండి.

రేష్మ కోలుకుంది. తేలిగ్గా కాదు. మందులకు ఒళ్లు వచ్చింది, పగలంతా మత్తుగా ఉండేది. బాగున్నాననుకుని ఒకసారి మాత్రలు మానేసింది, జబ్బు తిరగబెట్టింది. మళ్లీ మొదలుపెట్టి నిలబడింది. ఒక ఏడాది పోయినా డిగ్రీ పూర్తిచేసి, స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో ఉద్యోగం సంపాదించుకుంది. నవ్వు తిరిగొచ్చింది. నా నడకని అనుకరించడమూ తిరిగొచ్చింది. దానికి నేను ఎంత సంతోషించానో చెప్పలేను.

ఒకసారి ధైర్యం చేసి ఆమెనే అడిగాను: “ఆ రోజుల్లో నేనేం చేసి ఉండాల్సింది రేష్మా?”

“అడిగి ఉండాల్సింది మేడమ్. హారన్లు ఏమంటున్నాయి అని అడిగుంటే చెప్పేదాన్ని. నాకూ భయంగానే ఉంది కదా. ఎవరూ అడగలేదు. అందరూ చూశారు, అంతే.”

తెలియదని చెప్పడం

వేటపాలెంలో రత్తమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. ఆ తొక్కలోంచి కారే నూనెకి వేళ్లు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా లేచి ఉండేది. ఆమె భర్తకు పెళ్లయిన కొత్తలోనే ఈ జబ్బు వచ్చింది. గుళ్లూ దర్గాలూ అన్నీ తిరిగి, చాలా ఏళ్ల తర్వాత మా దగ్గరికి వచ్చారు. మందులతో ఇప్పుడు నెమ్మదిగా ఉంటాడు, ఇంటి పనులు చేస్తాడు. పోయిన ఏళ్లు మాత్రం పోయినట్టే.

వాళ్ల కొడుకు ప్రసాద్. పద్దెనిమిదేళ్లు, ఐటీఐ చదువుతున్నాడు. ఒకటి రెండు నెలలుగా నిద్ర సరిగా పట్టడం లేదని, క్లాసులు మానేస్తున్నాడని రత్తమ్మే కబురు పెట్టింది. ఈసారి నేను ఇంట్లో కూర్చోలేదు. ప్రసాద్‌ని తీసుకుని సముద్రం వైపు నడిచాను. పక్కన ఎవరూ లేరు. మామూలుగానే అడిగాను. అతనూ చెప్పాడు. ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టు అప్పుడప్పుడు వినిపిస్తుంది, తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

“అప్పుడేం అనుకుంటావు?”

“నాక్కూడా నాన్నలాగా అవుతుందేమో అనుకుంటానండి.”

వాడి జబ్బు పేరు ఏదైనా కానివ్వండి, వాడి భయం పేరు మాత్రం నాన్న.

అతని అనుమతి అడిగి, మర్నాడే మా విభాగం డాక్టరు గారికి చెప్పాను. వారంలో తల్లీ కొడుకులు గుంటూరు వచ్చారు. పరీక్షించిన డాక్టరు గారు ఇప్పటికైతే జబ్బు లేదని, జాగ్రత్తగా చూసుకోవాల్సిన దశ అని చెప్పారు. నిద్ర సరిచేయడానికి ఏం చేయాలో నేర్పించారు. భయం గురించి మాట్లాడుకోవడానికి నెలనెలా రమ్మన్నారు. బయటికొచ్చాక రత్తమ్మ నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది.

“దాపరికం లేకుండా చెప్పు మేడమ్. నా కొడుక్కి వస్తదా, రాదా?”

ఇన్నేళ్ల పరిశోధన తర్వాత ఆ తల్లికి నా దగ్గరున్న జవాబు ఒక్కటే.

“తెలియదమ్మా. వాళ్ల నాన్నకి ఉంది కాబట్టి మామూలు పిల్లలకన్నా కాస్త ఎక్కువ భయం ఉంది. కానీ ఇలా ఉన్న పిల్లల్లో చాలామందికి రానే రాదు. వస్తే మాత్రం మొదటి వారంలోనే పట్టుకుంటాం. వీళ్ల నాన్నకి పోయినన్ని ఏళ్లు వీడికి పోనివ్వం. అది మాత్రం తెలుసు.”

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “పూజారిగారు వస్తదన్నాడు. మా ఆడపడుచు రాదంది. తెలవదన్నది నువ్వొక్కదానివే” అంది. తిట్టిందో మెచ్చుకుందో తెలియలేదు. కానీ ఆ తర్వాత నెలనెలా కొడుకును తీసుకొచ్చింది, పని మానుకుని మరీ.

మూడో నెలలో ప్రసాద్ ఒక సంగతి చెప్పాడు. “అమ్మ రోజూ పొద్దున్నే వచ్చి నా మొహం మీద మొహం పెట్టి చూస్తదండి. నాన్నకి మొదట కళ్లే మారాయంట. నేను కళ్లు తెరిచేసరికి అమ్మ కళ్లు కనపడతాయి. ఆ రోజంతా నాకేదో అయిపోతన్నట్టే ఉంటది.”

ముందే కనిపెట్టడమనే మా పనిలో మేం పెద్దగా రాసుకోని కష్టం ఇదే. ఫలానా ఇంట్లో జాగ్రత్త అని చెప్పి మేం బస్సెక్కి వచ్చేస్తాం. ఆ ఇంట్లో ఒక పిల్లవాడు రోజంతా అందరి కళ్ల ముందూ బతకాలి. తల్లీ కొడుకులను కూర్చోబెట్టి ఒక ఒప్పందం చేయించాను. వరసగా రెండు రాత్రులు నిద్ర పట్టకపోయినా, పిలుపులు ఎక్కువైనా, ఇంట్లోవాళ్ల మీద అనుమానం వచ్చినా ప్రసాదే చెప్పాలి. అనుమానం వస్తే రత్తమ్మ నోటితో అడగాలి. కళ్లలోకి చూసి కనిపెట్టడం మాత్రం మానేయాలి. “ప్రయత్నం చేస్తాలే” అంది. ఆమె చాలాకాలం మానలేదు. మానడం ఎంత కష్టమో నాకు అర్థమైంది. ఆమె ఒకసారి చూడక నష్టపోయిన మనిషి.

రిటైరయ్యే నెలలో చివరిసారి వేటపాలెం వెళ్లాను. ప్రసాద్‌కి ఇరవై నాలుగొచ్చాయి, చీరాలలో ఏసీలు బిగించే పని చేస్తున్నాడు. రత్తమ్మ పనికి వెళ్లింది. తండ్రి మా ఇద్దరికీ టీ కాచి ఇచ్చి పెరట్లోకి వెళ్లాడు. నేను ఫారం తీసి ఒక్కో ప్రశ్నా అడిగాను. నిద్ర బాగానే పడుతోంది. పిలుపులు వినబడి మూడేళ్లయింది. ఎవరి మీదా అనుమానాల్లేవు. అన్నిటికీ లేదు, లేదు అని రాసుకుంటూ వచ్చాను. చివరి ప్రశ్న మిగిలింది.

“పోయినసారికీ ఇప్పటికీ ఏమైనా మార్పు గమనించావా ప్రసాద్?”

“నాలో ఏం లేదండి” అన్నాడు. తర్వాత గ్లాసు కింద పెట్టి నవ్వాడు. “మా అమ్మలో ఉంది. పొద్దున్నే నన్ను లేపకుండానే పనికి వెళ్లిపోతంది.”

ఫారంలో తల్లి గురించి రాయడానికి గడి లేదు. కాగితం తిప్పి వెనకవైపు తెల్లగా ఉన్నచోట ఆ మాట అతను అన్నది అన్నట్టే రాసి, కింద సంతకం పెట్టాను.